నాలుగో ఈటె

బర్మా దేశపు రేవు పట్నంలో, లత వీధి చీనా సంఘం వాళ్లు ఏటా ఆడే నాటకంలో సేనాపతి చీనావాడు, రాజు చీనావాడు, రాజుకు గొడుగు పట్టేవాడు కూడా చీనావాడే. సైన్యం మాత్రం తెలుగువాళ్లు. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ సరిగ్గా తెలీదు. రేవులో బియ్యం బస్తాలు మోసే రోజుల్లో భుజాలు గట్టివని పిలిచి ఉంటారు. ఆ రేవు పనులు పోయాయి, బస్తాలు పోయాయి. ఈటె పట్టుకుని నిలబడే పని మాత్రం మనవళ్ల దాకా దిగింది.

"మా సిక్కోలు దండు లేకపోతే ఈల రాజ్జెం ఏనాడో పోను," అంటాడు ఆ సైన్యంలో అందరికన్నా పాతవాడు సన్యాసి. ఆయన శ్రీకాకుళం చూడలేదు. ఆయన తండ్రీ చూడలేదు. అయినా అలాగే అంటాడు.

దండంటే నలుగురే. నలుగురూ ఈటెలు నిలబెట్టుకుని వేదిక చుట్టూ ఒక్కసారి తిరిగితే వేయి మంది కొండలు దాటినట్టు లెక్క. రెండుసార్లు తిరిగితే చలికాలం వచ్చేసినట్టు. చూసేవాళ్లకు ఇదంతా తెలుసు, ఎవరూ నవ్వరు. సేనాపతి మొహం మీద ఎరుపూ బంగారమూ కలిపి పొద్దున్నించీ రంగు వేస్తారు. నలుగురు సైనికులకూ ఒకే గిన్నెలోంచి మట్టిరంగు తీసి నుదుటి నుంచి గడ్డం దాకా పులుముతారు. కళ్ల కింద ఒక నల్ల గీత. అంతే, నలుగురిదీ ఒకే మొహం. ఛాతీ మీద తెల్లటి గుండ్రంలో ఒకే నల్లటి చీనా అక్షరం, భటుడు అని.

ఒక రోజు రిహార్సల్లో సుధామణి వేదిక పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని సన్యాసి చేతుల్నే చూస్తోంది. ఆయన ఆమెకు మేనమామ. దండులోకి ఈ ఏడు కొత్తగా వచ్చిన నాలుగోవాడు, సూరి అనే కుర్రాడు, కాలిపట్టీ చుట్టుకోవడం రాక అవస్థ పడుతున్నాడు. సన్యాసి వాడి ముందు కూర్చున్నాడు. కుడి మోకాలు వంగదు గనక ఆ కాలు పక్కకు చాపి కూర్చున్నాడు. సూరి పాదాన్ని తన తొడ మీద పెట్టుకుని, గుడ్డను మడమ దగ్గర ఒకసారి బిగించి, అక్కణ్ణుంచి ఏటవాలుగా పైకి చుట్టుకుంటూ పోయాడు. ప్రతి చుట్టుకూ బొటనవేలితో నొక్కి చూస్తాడు. పిక్క దాటాక కొస లోపలికి దోపి, పాదం మీద చిన్నగా తట్టాడు.

"నిలబడు. నొప్పెడతందేటి?"

"లేదు మావా."

"లేదని కాదురా, సూసి సెప్పు. గంట సేపు కదలకండా నిలబడాల. నెత్తురాడకపోతే పడిపోతావు."

ఇంతలో సంఘం పెద్ద ఊ సాన్ లిన్ చప్పట్లు కొట్టాడు. డెబ్బై దాటిన మనిషి. తెల్ల చొక్కా, ముదురు రంగు లుంగీ, చెవిలో మిషను. ఆయన సంఘానికి పెద్దే కాదు, సుధామణికి చీనా అక్షరాలు దిద్దించిన గురువు కూడా. రేవు కూలీ మనవరాలికి చీనా పద్యాలెందుకని ఇటువాళ్లూ అటువాళ్లూ నవ్విన రోజుల్లో, నవ్వకుండా కలం చేతికిచ్చినవాడు ఆయనొక్కడే. ఇప్పుడు అదే హాల్లో ఆమె చిన్నపిల్లలకు సాయంత్రం క్లాసులు చెబుతోంది. ఆయన్ని 'సయా' అని పిలుస్తుంది, అంటే గురువుగారూ అని. ఆ పిలుపులో ఆమె ప్రాణం ఉంటుంది.

నాటకానికి ఆధారం ఒక పాత యుద్ధ పద్యం. సేనాపతి దాన్ని చీనాలో పాడతాడు. ఇప్పటి పిల్లలకు ఆ చీనా అర్థం కాదు గనక పక్కన ఒకరు బర్మా భాషలో చదవాలి. ఈ ఏడు ఆ పనీ, మైకూ సుధామణి చేతికి వచ్చాయి. వారం నుంచి ఆమె ఆ పద్యాన్ని బర్మాలోకి దింపుతోంది. దింపుతున్న కొద్దీ మనసులో ఏదో గుచ్చుకుంటోంది.

పద్యంలో సేనాపతికి పేరుంది. అది సరే. ఆయన గుర్రానికి పేరుంది, మంచుమబ్బు అని. కత్తికి పేరుంది. ఆయన తాగిన సారాకు కూడా, ఏ ఊరి సారానో చెప్పి మరీ, పేరుంది. ఇక సైనికుల సంగతి ఇదీ: 'వేయి ఈటెలు ఉత్తరానికి కదిలాయి. మంచు కరిగాక కొన్ని ఈటెలు తిరిగి వచ్చాయి. మిగిలినవి గడ్డి కింద తుప్పు పడుతున్నాయి.' మనిషి అన్న మాట పద్యం మొత్తం మీద ఎక్కడా లేదు.

రిహార్సల్ అయ్యాక ఆమె ఆ సంగతే అడిగింది. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది బర్మాలోనే.

"సయా, గుర్రానికి పేరు పెట్టిన కవికి ఒక్క సైనికుడి పేరు కూడా గుర్తు రాలేదా?"

"రాలేదేమో."

"వీటిలో చాలా పద్యాలు ఇలాగే ఉన్నాయి. ఈటెలంటారు, కవచాలంటారు, ఎముకలంటారు. వాళ్లు మనుషులు కారా? రాసినవాడికి కళ్లు లేవా?"

సయా చెవి మిషను సవరించుకున్నాడు. మామూలుగా ఇలాంటి ప్రశ్న వేస్తే ఆయన మొహం వెలిగిపోతుంది. కుర్చీ లాక్కుని రెండు గంటలు కూర్చోబెడతాడు. ఆ రోజు మాత్రం కుర్చీ లాగలేదు.

"ఉన్నది ఉన్నట్టు చదువు చాలు," అన్నాడు.

అప్పుడే ఆమె అసలు మాట బయటపెట్టింది. నాటకం అయ్యాక అక్కడొక ఆనవాయితీ ఉంది. మైకులో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. పిలిచినవాడు ముందుకు వచ్చి చేతులు జోడిస్తే సంఘం పెద్ద భుజాన ఎర్ర గుడ్డ కప్పుతాడు. గొడుగు పట్టినవాడిక్కూడా పేరూ గుడ్డా ఉన్నాయి. అన్నీ అయ్యాక, 'ఇంకా, సైన్యం' అంటారు. నలుగురూ కలిసి తల వంచుతారు. వాళ్లకు పేరు లేదు, గుడ్డా లేదు. సన్యాసి మీసం రాని రోజుల నుంచీ ఆ వేదిక మీద నిలబడుతున్నాడు. మోకాలు మొరాయిస్తోంది గనక ఇదే ఆఖరు ఏడు అన్నాడు. ఆ మనిషి పేరు ఒక్కసారి ఆ మైకులో వినబడాలి. సుధామణికి కావలసింది అంతే.

"ఈసారి ఆ నలుగురినీ పేర్లు పెట్టి పిలుస్తాను సయా."

"వద్దు."

"ఎందుకని?"

"ఈటెలు అవి. వాటికి పేర్లేమిటి?"

అలా అని గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. సుధామణికి తల కొట్టేసినట్టయింది. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే మొహం మీదే నాలుగు దులిపి ఉండేది. అన్నది సయా.

మర్నాడు పొద్దున్నే పబేడాన్ పేటలో మేనమామ ఇంటికి వెళ్లింది. బట్టల కొట్ల పైన రెండో అంతస్తులో ఒకే గది. మెట్ల మీద ఎప్పుడూ గుమిగూడి ఉండే ఆడవాళ్లు ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. పక్క వార్డులో మళ్లీ చీటీలు తీశారట. చీటీలో పేరు పడ్డ కుర్రాడు పట్టాళానికి పోవాల్సిందే. ఎవరి కొడుకు పేరు పడిందో ఒకావిడ చెబుతోంది, ఇంకొకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింటోంది. సుధామణి చెప్పులు విప్పి లోపలికి నడిచింది. ఆమెకు కొడుకుల్లేరు. ఈ మధ్య ఆ సంగతి తలుచుకుని దేవుడికి దండం పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి.

సన్యాసి మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. ఆయన భార్య సింహాచలమ్మ పొయ్యి మీద చేపల పులుసు కలుపుతోంది.

"మావా, ఈ ఏడు నీ పేరు మైకులో సదివేస్తాను."

సన్యాసి చెయ్యి ఆగింది. "ఏటి?"

"నీ పేరు, బర్నబా పేరు, భీమరాజు పేరు, ఆ కొత్త గుంటడి పేరు. నలుగురివీ. ఎర్ర గుడ్డ కూడా కప్పిస్తాను."

"ఒద్దు."

"సిగ్గా ఏటి?"

"సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. మా పేర్లు సదవకు సుదా. ఎందుకని అడక్కు."

"నువ్వూ సయా ఒకే పాట పాడతన్నారు. ఆయన ఈటెలన్నాడు మిమ్మల్ని, తెలుసా? ఈటెలకి పేర్లేటి అన్నాడు!"

ఆమె అనుకున్నట్టు సన్యాసికి రోషం రాలేదు. నూనె చేతిని గుడ్డకు తుడుచుకుంటూ, "ఆయన తెలిసినోడు. ఆయన్ని ఏటీ అనీకు," అన్నాడు.

సింహాచలమ్మ ఇటు తిరక్కుండానే, "తినీసి ఎల్లు అమ్మీ," అంది. మాట మార్చడమన్నమాట. సుధామణి పులుసు తింది, కానీ కడుపు మండుతూనే ఉంది. ఇన్నేళ్లు తల వంచి వంచి ఈ మనిషికి వంగడమే మర్యాదైపోయిందని అనుకుంది. అణకువ అనుకుంది. తను కాకపోతే ఈయన తరపున ఎవరు అడుగుతారని కూడా అనుకుంది. మంచి మనసుతో పంతం పట్టిన మనిషిని ఆపడం బ్రహ్మతరం కాదు.

ఆ సాయంత్రం క్లాసు అయ్యాక హాలు వెనక సామాన్ల గదిలోకి వెళ్లింది. అక్కడ సూరి ఒక్కడే కూర్చుని ఈటెలకు వెండిరంగు వేస్తున్నాడు. వెదురు కర్రలు, కొసన రేకు ముక్కలు. పాత రంగు లేచిపోయిన చోట గరుకు కాగితంతో రుద్ది, ఊది, కుంచెతో ఒకే దిక్కుగా పూస్తున్నాడు. మూడు ఈటెలు గోడకు ఆనించి ఆరబెట్టి ఉన్నాయి. మూలన చాప, దుప్పటి, ఒక పళ్లెం. రిహార్సళ్లకు వచ్చీపోయే శ్రమ ఎందుకని సయా ఇక్కడే పడుకోమన్నాడని నెల కిందట సన్యాసి చెప్పాడు.

"మీ ఇల్లెక్కడ సూరీ?"

"తన్లిన్ అక్కా. అమ్మ అక్కడే ఉంటాది."

"వొంతెన దాటితే తన్లినే గదా. ఒకపాలి పోయి సూసి రాకపోయావా?"

సూరి కుంచె ముంచాడు. "వొంతెన కాడ బస్సులు ఆపి కార్డులు సూస్తన్నారు అక్కా."

ఓహో, పౌరసత్వం కార్డు గొడవా, అనుకుంది సుధామణి. ఈ ఊళ్లో కార్డు గొడవ లేని తెలుగువాడెవడు? తాత పుట్టిన కాగితం ఉంటే తండ్రి కాగితం ఉండదు, తండ్రిది ఉంటే పేరులో తేడా ఉంటుంది. ఆమె కార్డు రావడానికి ఆమె తండ్రి చెప్పులరిగాయి. అందుకని వాడి మాటలో ఆమెకు కొత్తగా ఏమీ వినబడలేదు.

"మీ అమ్మ నాటకానికి వొస్తాదా?"

"రాదక్కా. వొస్తే నన్ను గుర్తు పట్టీసి పిలిసెస్తాది." వాడు నవ్వబోయి ఆగాడు. "రంగేసినా అమ్మకి తెలిసిపోతాది గదా."

ఆ మాటకు సుధామణి గుండె కరిగిపోయింది. వాణ్ణి పేరు పెట్టి పిలవాలనే పట్టుదల ఇంకొంత బిగిసింది. ఇంటికి వెళ్లే ముందు సయా గదిలోకి తొంగి చూసింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని ఏదో చదువుకుంటున్నాడు.

"సయా, మిమ్మల్ని ఒకటి అడగాలి. కోప్పడకండి."

"కోప్పడేలా ఉంటే కోప్పడతాను."

"ఈ పద్యం మొదటిసారి మీరు చెప్పినప్పుడు నాకు పదమూడేళ్లు. తుప్పు పడుతున్న ఈటెల దగ్గరికి వచ్చేసరికి మీ గొంతు పట్టేసింది. కవి జాలిపడుతున్నాడని చెప్పారు. మనుషుల్ని ఇనప ముక్కలుగా చూసే లోకాన్ని చూపించడానికే ఇనప ముక్కలని రాశాడన్నారు. నేను నమ్మాను. ఇప్పుడు మీరే ఆ నలుగుర్నీ ఈటెలంటున్నారు. కవిది జాలి అయితే మీది ఏమిటి?"

వీధిలో జనరేటర్లు మొదలయ్యాయి. కరెంటు పోయింది కాబోలు, ఆయన బల్ల మీద దీపం ఆరిపోయింది.

"నువ్వు నా దగ్గర చదువుకున్నదానివి," అన్నాడు చీకట్లోంచి. "నేను చెప్పింది చెయ్యి. నాలుగు పేర్లు చదవొద్దు."

"చెయ్యలేను సయా."

జీవితంలో మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పింది. చెప్పి, మెట్లు దిగింది. క్లాసులు పోతే పోనీ అనుకుంది.

నాటకం రోజున వీధికి అడ్డంగా వెదురు వేదిక వేశారు. గుడి ముందు అగరొత్తుల పొగ కళ్లు మండిస్తోంది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలకు ఎర్ర గుడ్డలు తొడిగి పెద్దవాళ్లను కూర్చోబెట్టారు. వీధిలో ఏ ఉత్సవం జరిగినా వార్డు ఆఫీసు వాళ్లను పిలవాలి, పిలవకపోతే మైకుకు అనుమతి ఉండదు. ఆ వార్డు పెద్దాయన లావుపాటి మనిషి, చెమట తుడుచుకుంటూ అందరినీ నవ్వుతూ పలకరిస్తున్నాడు. ఒళ్లో తోలు సంచీ. పక్కన ఇద్దరు గుమస్తాలు.

తెర వెనక సన్యాసి మట్టిరంగు గిన్నె ఒళ్లో పెట్టుకుని ముందు సూరి మొహానికి వేశాడు. కనుబొమల మీద, చెవుల వెనక, మెడ కింద. చొక్కా కాలరు లోపలికి కూడా వేలు పోనిచ్చి పూశాడు. మిగతా ఇద్దరికీ గడ్డం దాకానే వేశాడు. సుధామణి అది చూసింది. కొత్తవాడు కదా, ముద్దు చేస్తున్నాడనుకుంది.

గంట మోగింది. సేనాపతి వచ్చాడు, వీపున జెండాలు రెపరెపలాడుతున్నాయి. పాట మొదలైంది. ఆ వెనక నలుగురూ వచ్చారు. సుధామణి ఎన్నిసార్లు చూసిందో ఆ నడక, అయినా ఒళ్లు పులకరించింది. పాదం ముందు అంచు నేలకు ఆనుతుంది, ఆ తర్వాత మడమ. చప్పుడు లేదు. మోకాలు వంగని సన్యాసి కూడా అలాగే నడిచాడు. నొప్పి ఎక్కడ దాచుకున్నాడో తెలీదు. నలుగురూ తలో మూలా నిలబడ్డారు. సేనాపతి పాడినంతసేపూ, సారా తాగినంతసేపూ, గుర్రాన్ని పొగిడినంతసేపూ వాళ్లలో ఒక్క వేలు కదలలేదు. సూరి కూడా కదలలేదు. వాడి కణత మీద చెమట చుక్క ఒకటి మట్టిరంగులో దారి చేసుకుంటూ దిగింది. కదలకుండా నిలబడటం ఎంత పెద్ద పనో ఆ వీధిలో ఎవరికి పడుతుంది? సుధామణికి గర్వంతో గొంతు నిండిపోయింది. తన భాగం వచ్చినప్పుడు ఆ గొంతుతోనే చదివింది. ముసలివాళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు.

నాటకం ముగిసింది. పేర్లు పిలవడం మొదలైంది. రాజు వచ్చాడు, సేనాపతి వచ్చాడు, వార్తాహరుడు, గొడుగువాడు. సయా ఒక్కొక్కరికీ గుడ్డ కప్పుతున్నాడు. అందరూ అయ్యాక ఆయన సుధామణి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె చూపు తిప్పుకుంది.

"ఊ సన్యాసి," అంది మైకులో. ఊ అంటే బర్మాలో పెద్దవాళ్లకిచ్చే గౌరవం.

వీధంతా చప్పట్లు. సన్యాసి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె ఎదురుచూసిన వెలుగు ఆ మొహంలో లేదు. కళ్లు ఆమెను చూడటం లేదు, ముందు వరసను చూస్తున్నాయి.

"ఊ బర్నబా. ఊ భీమరాజు."

నాలుగో పేరుకు ఊపిరి తీసుకుంది. చెవులు పగిలేలా పెద్ద గంట మోగింది. ఒకటి కాదు, రెండు, మూడు. వాయిద్యాల వాడి చేతిలోంచి కర్ర లాక్కుని సయా స్వయంగా కొడుతున్నాడు. వాయిద్యం ముట్టుకుని ఎరగని మనిషి. ఎవరో మైకు తీగ పీకేశారు. జనం నవ్వుకుంటూ లేచారు. సైన్యం తెర వెనక్కి నడిచింది.

సుధామణి ఆయన వెంట తెర వెనక్కి దూసుకెళ్లింది. ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి. "ఒక్క పేరు సయా! ఆ ఒక్క పేరుతో మీ సంఘం కూలిపోతుందా?"

సయా ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మాట్లాడింది బర్మాలో కాదు, చీనాలో. గొంతు తగ్గించి, పాఠం చెప్పినట్టు విడమరిచి చెప్పాడు.

"ఆ పిల్లవాడు మన వీధి బట్టల కొట్లో పనిచేసేవాడు. కొట్టు చిరునామా మీద చీటీలో పేరు పడింది. ముందు వరసలో కూర్చున్నాయన సంచిలో ఉంది ఆ పేరు. నెల నుంచి వెతుకుతున్నారు. సామాన్ల గదిలో కొత్త మనిషి ఉంటే ఎవరని అడుగుతారు. వేదిక మీద రంగు పూసుకుని ఈటె పట్టుకున్నవాణ్ణి ఎవరూ అడగరు. ఎవరూ చూడను కూడా చూడరు. ఎల్లుండి సరుకు లారీలో వెళ్లిపోతాడు."

"నాకెందుకు చెప్పలేదు?" అంది సుధామణి.

"తెలిస్తే నువ్వూ అబద్ధం చెప్పాల్సి వచ్చేది. మీ మామా నేనూ చాలనుకున్నాం."

నెల నుంచి ఈ ముసలాయన తన గది పక్కన ఏం పెట్టుకుని నిద్రపోతున్నాడో, దొరికితే ఆయనకేమవుతుందో ఒక్కసారిగా తెలిసింది. శిష్యురాలు రాతి గుండె అనుకుంటుంటే, అనుకోనీ అని ఊరుకున్నాడు. ఆయనతో ఇంతకాలం ఎన్ని పద్యాలు చదివింది, ఎంత తక్కువ చదివింది! నాలుగో పేరు తన నాలుక చివరిదాకా వచ్చింది.

తెర పక్కకు జరిగింది. వార్డు పెద్దాయన లోపలికి వచ్చాడు, వెనక గుమస్తాలు. సంచీ చంకలో ఉంది.

"బ్రహ్మాండం సయా! ఈ సైన్యంతో ఒక ఫొటో దిగుదామని వచ్చాను." మొహం నిండా నవ్వు. సన్యాసి భుజం తట్టాడు, బర్నబా భుజం తట్టాడు. అలా తడుతూ వచ్చి సూరి ముందు ఆగాడు. "ఇదిగో, ఇతని పేరే వినబడలేదు. మూడు చదివారు, నాలుగోది గంటలో కొట్టుకుపోయింది. మనిషి మంచి పొడగరి. ఏం పేరు బాబూ?"

సూరి చూపు నేల మీద ఉంది. సన్యాసి చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. సయా గొంతు సవరించుకుని ఏదో అనబోయాడు. పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపి, సుధామణి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. పేర్లన్నీ నీ దగ్గరే ఉన్నాయిగా."

సుధామణి సూరిని చూసింది. పైనుంచి కిందికి, సంతలో అక్కర్లేని సరుకును చూసినట్టు చూసింది.

"వీడా?" అంది. ఆ గొంతు తనదేనని ఆమెకే నమ్మకం కలగలేదు. "వీడికి పేరేమిటండీ! నాలుగోవాడు రాకపోతే రేవు దగ్గర ఊరికే నిలబడ్డవాణ్ణి ఈటె పట్టుకోడానికి పట్టుకొచ్చాం. మాట కూడా రాదు. పిలవడానికేమీ లేదనే సయా గంట కొట్టేశారు, లేకపోతే నేను నోరు తెరుచుకుని నిలబడి ఉండేదాన్ని." పెద్దాయన నవ్వాడు. ఆమె సూరి వైపు ఒక అడుగు వేసి వేలు చూపించింది. "ఏంట్రా పెద్దవాళ్ల మధ్యన దుంగలా నిలబడ్డావు? పో. ఆ కర్రలన్నీ లోపల పడేసి రా. పో!"

వీధికుక్కను అదిలించినట్టు అదిలించింది. సూరి వంగి నాలుగు ఈటెలూ ఎత్తుకుని సామాన్ల గదిలోకి వెళ్లిపోయాడు. ఎవరూ వాడి వైపు చూడలేదు. పెద్దాయన మిగిలిన ముగ్గురినీ, సేనాపతినీ పక్కన పెట్టుకుని ఫొటో దిగాడు. సుధామణిని కూడా రమ్మన్నాడు. వెళ్లి నవ్వుతూ నిలబడింది. టీ తాగి, పళ్ల పొట్లం గుమస్తా చేతికిచ్చి, ఆయన చెమట తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన చెప్పుల చప్పుడు వీధి రొదలో కలిసిపోయింది. తర్వాత సుధామణి సయా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఇక్కడివాళ్లు గురువుకు మొక్కే పద్ధతిలో చేతులు జోడించి నుదురు నేలకు ఆనించింది. ఆయన కంగారుగా, "లే, లే. తెరలు విప్పించాలి, వాన వచ్చేలా ఉంది," అన్నాడు.

ఆమె లేచి సామాన్ల గదిలోకి వెళ్లింది. సూరి చాప మీద కూర్చుని కాలిపట్టీ విప్పుకుంటున్నాడు. గుడ్డ బిగువుకు పిక్క మీద ఎర్రటి గీతలు పడ్డాయి. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. అంతమంది ముందు అన్ని మాటలు అన్న మనిషి ఇప్పుడేం మాట్లాడుతుంది?

సూరి తల ఎత్తాడు. ఎండిన మట్టిరంగు పెదాల పక్కన పగుళ్లిచ్చింది. నవ్వుతున్నాడు.

"బాగా తిట్టినావక్కా," అన్నాడు.

"ఇంకా తిట్టాల్సిందిరా," అంది సుధామణి, ఏడుస్తూనే, వాడి పక్కన చాప మీద కూలబడుతూ.